ఇరుసు మొర

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని మన పెద్దలు అనుచుండెడివారు. ఇందలి వెటకారము బండి తోలినవారికి బాగుగా తెలియును. ఎండిన ఇరుసు మీద చక్రపు కుండ తిరుగునపుడు పుట్టు కీచుమోత ఊరికి ఎంతో దూరముననే వినవచ్చెడిది. విన్నవారు బండిని కాక బండివానినే నిందించెడివారు. అందుచేత ఆముదములో గడ్డి మసి కలిపి చేసిన కందెనను వెదురుగొట్టములో నింపి, బండి క్రింద వ్రేలాడగట్టుకొనక ఏ రైతును దూరప్రయాణమునకు బయలుదేరెడివాడు కాడు. ఎడ్లకు మేత యెట్లో ఇరుసునకు కందెన అట్లు. ఆ బండ్లు నేడు మన వీధులలో అరుదైనవి. కాని ఇరుసు ఎచటికిని పోలేదు. లారీ క్రిందను, బస్సు క్రిందను, మన పిల్లలు కొనుక్కొను కార్ల క్రిందను చేరి, అది నేటికిని మనలను మోయుచునే యున్నది. బాధ కలిగినపుడు మొరపెట్టుటయు మానలేదు. ఆ మొర ఎట్టిదో, దానిని పెడచెవిని బెట్టినచో ఏమగునో నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసము తలపెట్టితిమి.

మేము కోరాపుట్ జిల్లా జయపురమున ఒక లారీ రవాణా కార్యాలయమునందు ముప్పదియైదు సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. యంత్రశాస్త్రము చదివినవారము కాము. స్పానరు చేతబట్టి ఎరుగము. అయినను బండ్ల రాకపోకల చిట్టాలు, మరమ్మతుల బిల్లులు, డ్రైవర్లు వ్రాయు ఫిర్యాదుల పుస్తకము అన్నియు మా చేతిమీదుగా నడచినవి. మేస్త్రీలు విప్పి చూపినవి చూచితిమి. డ్రైవర్లు చెప్పినవి వింటిమి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చేరియుండెను. పిమ్మట సరిహద్దు మారినది గాని మన రాకపోకలు మారలేదు. పెండ్లికైనను, సింహాచలేశుని దర్శనమునకైనను, బియ్యపు బస్తాల రవాణాకైనను రోడ్డున బోవువారు పొట్టంగి, సుంకి మీదుగా ఘాటీ దిగి సాలూరు చేరుచునే యున్నారు. సుమారు మూడువేల అడుగుల ఎత్తుననున్న కోరాపుట్ పీఠభూమినుండి మైదానమునకు దిగు ఈ త్రోవలో బండి ఇరుసు ఎట్లున్నదను ప్రశ్న మేస్త్రీకి మాత్రమే చెందినది కాదు. బండిలో కూర్చున్న ప్రతివారికిని చెందినది.

ముందుగా బేరింగు అనగా నేమో చెప్పుదుము. తిరుగు వస్తువును మోయుచు, దాని తిరుగుడునకు అడ్డురాకుండునది బేరింగు. పూర్వపు బండిలో కుండ ఇరుసుపై రాచుకొని తిరిగెడిది. నడుమ గుండ్లనుంచినచో రాపిడికి బదులు దొరలుట జరుగును. శ్రమయు వేడియు తగ్గును. 1794లో వేల్సు దేశీయుడగు ఫిలిప్ వాన్ అను ఇనుప వ్యాపారి గుర్రపుబండి ఇరుసు కొరకు ఇట్టి గుండ్ల బేరింగునకు పేటెంటు పొందెను. 1898లో అమెరికాయందు గుర్రపుబండ్లు తయారుచేయు హెన్రీ టిమ్‌కెన్ ఏటవాలు రోలర్ల బేరింగునకు పేటెంటు పొందెను. ఏటవాలుగా నుండుటచేత ఆ రోలర్లు పైనుండి పడు బరువునే గాక, మలుపులలో ప్రక్కనుండి వచ్చు త్రోపును కూడ ఓర్చుకొనును. ఈ రెండు బేరింగులును తొలుత మోటారు కొరకు పుట్టినవి కావనియు, గుర్రపుబండి ఇరుసు కొరకే పుట్టినవనియు పాఠకులు గమనింతురు గాక. కందెన గొట్టమునకును నేటి లారీ హబ్బునకును గల చుట్టరికము ఇట్టిది.

ఇక డిఫరెన్షియలు. కళ్ళములో నూర్పిడికి బంతిగట్టిన ఎడ్లను చూచినవారికి దీని అవసరము సులభముగా బోధపడును. నడుమ గుంజకు దగ్గరనున్న ఎద్దు చిన్న అడుగులు వేయుచు తిరుగును. చివరనున్న ఎద్దు వడివడిగా నడువవలెను. బండి మలుపు తిరుగునపుడు లోపలి చక్రమునకును వెలుపలి చక్రమునకును సరిగా ఇట్టి భేదమే కలుగును. రెంటిని ఒకే కడ్డీకి బిగించినచో ఏదో యొకటి రోడ్డుమీద ఈడ్చుకొని పోవలెను. కావున ఇరుసును నడుమ రెండు షాఫ్టులుగా విడదీసి, వాని మధ్య డిఫరెన్షియలు నుంచిరి. ఇంజను శక్తి ప్రొపెల్లరు షాఫ్టు ద్వారా వచ్చి పినియను అను చిన్న పండ్లచక్రమును త్రిప్పును. పినియను క్రౌను అను పెద్ద పండ్లచక్రమును త్రిప్పును. అందుండి ఇరుప్రక్కల షాఫ్టులకు శక్తి పోవును. పినియనును బేరింగులు మోయును. క్రౌను పెట్టెకు ఇరుప్రక్కలను బేరింగులుండును. లారీ వెనుక హబ్బులలో ఒక్కొక్కదానియందు రెండేసి రోలరు బేరింగులుండును. పినియను పండ్లకును క్రౌను పండ్లకును నడుమ ఉండవలసిన సందు అంగుళములో వెయ్యవ వంతుల లెక్కన కొలువవలసినంత స్వల్పము. ఆ సందును కాపాడునవి ఈ బేరింగులే. అవి వెండ్రుకవాసి కదలినను పండ్లు తప్పుచోట ఆనుకొనుట మొదలిడును.

బేరింగు అరుగుటకు కారణములు మన కందరికిని తెలిసినవే. ఎండిపోయిన గ్రీజు, చాలని నూనె, చిరిగిన సీలు గుండా చొరబడు దుమ్ము, వాగులు దాటునపుడు లోనికి పోవు నీరు. బిగింపు వదులైనను చేటే. మితిమీరి బిగించినను చేటే. వీనికి తోడు అధిక భారము. రోలరు బేరింగు ఆయువు బరువు పెరిగినకొలది దాని 10/3వ ఘాతము చొప్పున తగ్గునని ఇంజనీర్ల సూత్రము. లెక్క కట్టినచో, మోయదగిన బరువునకు నాలుగవ వంతు అదనముగా వేసిన ఆయువు సగముకంటె తక్కువకు దిగును. రెట్టింపు వేసిన పదవ వంతు మాత్రమే మిగులును. పదిమంది పట్టు బండిలో పదునాల్గురిని కూర్చుండబెట్టి "సర్దుకొనుడు" అనునపుడు, సర్దుకొనునది మనుష్యులు మాత్రమే, బేరింగు సర్దుకొనదు. దాని పాలిపోని ఉక్కు ముఖముపై తొలుత సూదిమొనయంత గుంటలు పడును. ఆ గుంటల నుండి రాలిన పొడియే మరిన్ని గుంటలను చేయును.

మంచి బేరింగు మాటాడదు. అరుగుట మొదలైనపుడు మాటాడును. తొలుత సన్నని హోరు వినవచ్చును. అది వేగముతో హెచ్చును, వేగముతో తగ్గును. టైరు మోతయు కొంత ఇట్లే యుండును గాని, రోడ్డు మారినపుడు టైరు మోత మారును. రోడ్డు ఎట్టిదైనను బేరింగు మోత మారదు. కుడివైపునకు తిరుగునపుడు బరువు ఎడమ చక్రముపై పడును. అప్పుడు మోత హెచ్చినచో ఎడమ హబ్బును అనుమానింపవలెను. ఎడమవైపు తిరుగునపుడు హెచ్చినచో కుడి హబ్బును అనుమానింపవలెను. యాక్సిలరేటరు త్రొక్కినపుడు ఒక స్వరము, వదలినపుడు మరియొక స్వరము వినవచ్చినచో దృష్టి పినియను మీదికి పోవలెను. పినియను చక్రముకంటె కొన్ని రెట్లు వేగముగా తిరుగును గనుక దాని కూత సన్ననిది. హబ్బు మోత ముతకది. ఇవి మేము కల్పించినవి కావు. సాలూరు మేస్త్రీలు చెవి యొగ్గి విని, బండి విప్పకమునుపే చెప్పి, విప్పిన పిదప మాకు చూపినవి.

మోత వినియు బండి నడుపుచునే యున్నచో జరుగునది క్రమముగా చెప్పుదుము. వదులైన హబ్బు ఊగుటచేత ఆయిలు సీలు చెడును. నూనె కారి బ్రేకు లైనింగులపై పడును. ఆ చక్రమునకు బ్రేకు పట్టు తగ్గి, త్రొక్కినపుడు బండి ఒక ప్రక్కకు లాగును. నూనె తగ్గిన బేరింగు వేడెక్కును. వేడికి గ్రీజు కరగి కారిపోవును. గ్రీజు పోయిన కొలది వేడి మరింత పెరుగును. అంతట రెండు విధముల ప్రమాదము. ముక్కలైన రోలర్లు నడుమ చిక్కుకొని చక్రము ఒక్కసారిగా బిగిసిపోవుట ఒకటి. అపుడు బండి వెనుక భాగము ప్రక్కకు విసరబడును. హబ్బు మొత్తము ఇరుసునుండి ఊడి వెలుపలికి వచ్చుట రెండవది. డిఫరెన్షియలు లోపలి బేరింగు చెడినను ఫలము ఇంచుమించు ఇట్టిదే. పండ్లు విరిగి క్రౌనులో చిక్కుకొన్నచో వెనుక చక్రములు రెండును ఒకేమారు నిలిచిపోవచ్చును.

ఘాటీ దిగు బండికి రెండవ ప్రమాదము ఏల భయంకరమో వివరింపవలసియున్నది. దిగుడులో తెలివిగల డ్రైవరు బ్రేకునొక్కదానినే నమ్మడు. చిన్న గేరు వేసి ఇంజను చేతనే బండిని ఆపుకొనుచు దిగును. కాని లారీలో షాఫ్టు చివర హబ్బునకే బిగింపబడియుండును. హబ్బు ఊడినపుడు షాఫ్టును వెంబడించి వచ్చును. ఒక ప్రక్క షాఫ్టు లేకపోయినచో డిఫరెన్షియలు ఆ ఖాళీ ప్రక్కనే వృథాగా తిరుగును; రెండవ చక్రమునకు ఇంజను పట్టు అందదు. అనగా ఆ చక్రపు బ్రేకు పోవుటయే గాక, ఇంజను ఆపుదలయు అదే క్షణమున పోవును. ఒక చిన్న బేరింగు చెడుటచేత బండిని పట్టియుంచు రెండు పగ్గములును ఒకేసారి తెగిపోవును.

ఇట్టిదే 1992 మార్చి నెలలో మేము పనిచేసిన చోట జరిగినది. ఆ కార్యాలయము పేరుతో ఇచట పనిలేదు. అందు ఒక పెద్దవయసు డ్రైవరు ఉండెను. సాలూరువాడు, మూడవ తరగతి చదివినవాడు, తెలుగు తప్ప మరియొక లిపి రానివాడు. మేము ఆయనను "మామా" అని పిలుచుచుంటిమి. ఆయన మమ్ము "గుమస్తా బాబూ" అనెడివాడు. ట్రిప్పు ముగించి వచ్చిన ప్రతిసారియు బల్ల దగ్గర కూర్చుండి, పెన్సిలు నోట తడుపుకొనుచు, ఫిర్యాదుల పుస్తకములో ఒక్కొక్క అక్షరము వ్రాసెడివాడు. ఫిబ్రవరి మొదటి వారమున ఆయన వ్రాసినది ఇది: "ఎనక సన్నంగా మోత. దిగుడులో ఎక్కువ." పది దినముల పిమ్మట: "ఎడం ఎనక హబ్బు చెయ్యి పెట్టలేనంత వేడి." మార్చి మొదట: "ఎడం చక్రం ఆడతంది. ఆయిలు కారతంది. బండి ఆపాలి." మూడు పర్యాయములును మేము ఎర్రసిరాతో గీత గీచి, పుస్తకమును యజమాని బల్లపై నుంచితిమి. మూడు పర్యాయములును ఒకటే సమాధానము వచ్చెను: "ఈ ఒక్క ట్రిప్పూ కానీ."

ఆ యజమాని క్రూరుడు కాడు. బండిమీద అప్పు కలదు. అది బియ్యము కదలు కాలము. ఒకదినము బండి నిలిచినచో కిరాయి పోవును. లోకములో ఇట్టి ప్రమాదములు దుర్మార్గులవలన కంటె "ఈ ఒక్క ట్రిప్పు" అను మాటవలననే ఎక్కువగా జరుగునని మా నమ్మకము.

నాల్గవ ట్రిప్పులో సుంకి దాటి దిగుచుండగా ఎడమ వెనుక చక్రములు డ్రమ్ముతోను షాఫ్టుతోను ఊడి వెలుపలికి వచ్చినవి. "గేరుంది, ఇంజనుంది, పట్టు లేదు బాబూ" అని ఆయన తరువాత మాతో చెప్పెను. లోయ కుడిప్రక్క నుండుటచేత ఆయన బండిని ఎడమకు త్రిప్పి, కొండగోడకు ఒరపించి ఆపెను. ప్రాణములు దక్కినవి గాని, ఎడమ తలుపు దగ్గర కూర్చున్న క్లీనరు కుఱ్ఱవాని కాలు నలిగిపోయెను. వర్క్‌షాపులో లోపలి బేరింగును చూచితిమి. రోలర్లు నలుగగొట్టిన మిరియములవలె నుండెను. కావలసియుండినది రెండు బేరింగులు, ఒక సీలు, ఒక పూట పని, అంతే.

పిమ్మట కార్యాలయము వారు ప్రమాదమునకు కారణము డ్రైవరు అతివేగమని వ్రాసిరి. ఆయన జీతము నిలిపిరి. భీమా కంపెనీ తరఫున విచారణకు వచ్చిన అధికారికి తెలుగు రాదు. ఫిర్యాదుల పుస్తకము కలదా యని ఆయన అడుగగా మేము తెచ్చి యెదుట బెట్టితిమి. మూడు ఫిర్యాదులను తేదీలతో చదివి, ఒడియాలోనికి మార్చి చెప్పితిమి. ఎర్రగీతలను ఆయన చాలసేపు చూచెను. అతివేగమను మాట కొట్టివేయబడెను. నిలిపిన జీతము డ్రైవరునకు చేరెను. క్లీనరునకు 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము క్రింద పరిహారము వచ్చెను. కాని అతడు మరల లారీ ఎక్కలేదు. రోడ్డు ప్రక్కన చిన్న బడ్డీ పెట్టుకొని బ్రతికెను. మూడవ తరగతి చదివిన ఒక మనుష్యుడు తన భాషలో, తనకు వచ్చిన మాటలలో, తేదీ వేసి వ్రాసిన ఆ ఆరు చిన్న వాక్యములు తప్ప ఆయన పక్షమున సాక్ష్యము చెప్పునది మరేదియు లేకపోయెను.

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము, ప్రమాదకరమగు లోపముగల బండిని నడుపువాడే గాక, నడిపించువాడును, నడుపనిచ్చువాడును శిక్షార్హులు. లోపము తెలియదనుట చాలదు. సాధారణమగు శ్రద్ధచే తెలిసికొనదగినదైనను నేరమే. దానివలన ప్రమాదము కలిగి ఎవరికైన గాయమైనచో మూడు నెలల వరకు జైలుశిక్ష కలదు. మోత చెవినిబడియు నోరు మెదపనివాడు తెలియదని తప్పించుకొనజాలడన్నమాట.

మన కుటుంబములవారు చేయదగినవి కొన్ని చెప్పుదుము. పాత కారు కొనువారు రంగును, సీట్లను చూచి మురియక, దానిని జాకీపై లేపించి, చక్రమును పైన నొకచేత, క్రింద నొకచేత పట్టి ఊపి చూపింపుమని మేస్త్రీని కోరవలెను. ఆడినచో కారణము చెప్పించుకొనవలెను. చక్రమును చేత త్రిప్పినపుడు గరగర వినబడరాదు. డిఫరెన్షియలు నూనెను దింపించి చూచినచో అందు మెరయు ఉక్కుపొడి కలదేమో తెలియును. నూనె మజ్జిగవలె తెల్లబారినచో లోన నీరు చేరినదని అర్థము. వరదనీటిలో మునిగిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి. ప్రయాణమున టీకి ఆగినపుడు డ్రైవరు ప్రతి హబ్బు దగ్గరకును చేయి చాపి వేడి చూచుట మంచి అలవాటు. బ్రేకు వాడినపుడు అన్నియు కొంత వేడెక్కును. ఒక్కటి మాత్రమే మిగిలినవానికంటె మిక్కిలి వేడిగా నున్నచో అక్కడితో ప్రయాణము ఆపవలెను. ఒక బేరింగు మార్చునపుడు సీలును క్రొత్తది వేయింపవలెను. పాత సీలును మిగుల్చుట పొదుపు కాదు.

నేటి చిన్నకార్లు పెక్కింటిలో ముందు చక్రములే త్రిప్పును. డిఫరెన్షియలు గేరుపెట్టెలోనే ఇమిడియుండును. హబ్బు బేరింగులు గ్రీజుతో మూయబడి వచ్చును. వానిని విప్పి కందెన వేయు పని లేదు. కావున వానికి మనము చేయదగిన సేవ ఒక్కటే మిగిలినది, వినుట. కాని అద్దములు బిగించి, పాటలు బిగ్గరగా పెట్టుకొని పోవుట పిల్లలకు అలవాటైనది. వారిని కోప్పడుట మా ఉద్దేశ్యము కాదు. వారమునకొకసారి, ఇంటికి దగ్గర దారిలో, పాట ఆపి, అద్దము దించి, రెండు మైళ్ళు బండిని వినుడని మాత్రము చెప్పుదుము. గతవారము లేని మోత ఈ వారమున్నచో అది మేస్త్రీ దగ్గరకు పొమ్మను పిలుపే.

చివరగా ఒక మనవి. పెండ్లికో, దర్శనమునకో బండి మాట్లాడుకొన్నపుడు డ్రైవరును "ఎంతసేపటికి చేర్చుదువు?" అని అడుగుట మన వాడుక. దానికి ముందుగా "బండి ఎట్లున్నది బాబూ, ఏమైన మోత వచ్చుచున్నదా?" అని అడుగుడు. అతడు సందేహించినచో అతనిని తొందరపెట్టకుడు. వేరొక బండిని చూచుకొనుడు, లేదా ఒకపూట ఆగుడు. సొంత బండి గలవారు చిన్న పుస్తకమొకటి అందుంచి, విన్నది విన్నట్లు, తేదీ వేసి, మన తెలుగులోనే వ్రాసి ఉంచుడు. పెండ్లివారు ఒక గంట ఆలస్యముగా వచ్చిరని ఎవరును జీవితాంతము చెప్పుకొనరు.